విండోస్‌లో ఫైళ్లు వెతికే టూల్స్: ఎవరి ఇండెక్స్ ఎంతసేపట్లో అవుతోంది?

కార్డుల షాపు (పర్లాకిమిడి) – సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో నాది చిన్న డీటీపీ షాపు. జిరాక్స్, లామినేషన్, పెళ్లి కార్డులు, అప్పుడప్పుడూ ఫ్లెక్సీ డిజైన్లు. 2011 నుంచి చేసిన కార్డులన్నీ దాచుకుంటూ వచ్చాను, ఒక్కటీ తీసెయ్యలేదు. ఇప్పుడదే మెడకు చుట్టుకుంది.

మొన్న పాతపట్నం నుంచి పాత కస్టమరు ఒకాయన వచ్చారు. "మా పెద్దమ్మాయి పెళ్లికి నువ్వే వేశావు కదా బాబూ, అదే కార్డులో పేర్లు మార్చి చిన్నమ్మాయికి ఇచ్చెయ్" అన్నారు. పెద్దమ్మాయి పెళ్లి 2014లో. ఆయన దగ్గర పాత కార్డు లేదు. నా దగ్గర ఫైలు ఉంది, అది మాత్రం గ్యారంటీ. ఎక్కడుందో తెలీదు.

సిస్టమ్: ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. సి డ్రైవ్ 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, డి డ్రైవ్ 2 టీబీ హార్డ్ డిస్క్, ఇది కాక 1 టీబీ ఎక్స్‌టర్నల్ ఒకటి. మూడు రోజుల కిందట ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి డి మొత్తం టిక్కు పెట్టాను, అంటే వెతకడానికి ముందే ఫైళ్ల లిస్టు తయారు చేసుకోమని. ఇప్పటికి 1,90,000 దగ్గర ఉంది. ఎప్పుడు తెరిచి చూసినా, యూజర్ పని చేస్తున్నాడు కాబట్టి స్పీడు తగ్గించాం అని రాసి ఉంటుంది. షాపు తెరిస్తే పని చెయ్యకుండా ఎలా కూర్చుంటాను?

త్వరగా ఇండెక్స్ అయ్యే టూల్ ఏదైనా చెప్పండి. ఆయన గురువారం మళ్లీ వస్తానన్నారు.


జయపురం స్టూడియో – సోమవారం, రాత్రి 9:52

ఎవ్రీథింగ్ వేసుకో అన్నా. అంతే. నా దగ్గర ఫొటోలే 9 లక్షలు ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేసి టీ పెట్టమని చెప్పాను, టీ వచ్చేసరికి లిస్టు మొత్తం వచ్చేసింది.


నాగావళి (రాయగడ) – సోమవారం, రాత్రి 10:15

టీ కబుర్లు బాగానే ఉన్నాయి కానీ నా అనుభవం వేరు. నేను అర్జీలు, అఫిడవిట్లు టైపు చేస్తాను, ఒడియాలో, తెలుగులో, ఇంగ్లిషులో. డాక్‌ఫెచర్ పెట్టి నలభై వేల వర్డ్, పీడీఎఫ్ ఫైళ్లు ఇచ్చాను. రాత్రి మొదలుపెడితే తెల్లారి షాపు తెరిచేటప్పటికి కూడా అవుతూనే ఉంది. 9 లక్షలు టీ తాగేలోపు అంటే, తమ్ముడూ, ఆ టీ ఎక్కడ దొరుకుతుందో చెప్పు.


ఎన్‌టీఎఫ్‌ఎస్ పిచ్చోడు (బరంపురం) – సోమవారం, రాత్రి 11:05

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరూ చేయించుకున్న పని ఒకటి కాదు, అంతే.

పంచాయతీ ఆఫీసులో ఇంటి పన్ను రిజిస్టరు ఉంటుంది చూడండి. ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎవరి పేరున ఉన్నాయో కావాలంటే ఆ ఒక్క పుస్తకం తిరగేస్తే చాలు. ఎవ్రీథింగ్ చేసేది అదే. నాగావళి గారి టూల్ ప్రతి ఇంటి తలుపూ తట్టి, లోపలికెళ్లి, అటక మీద సామాన్లు కూడా రాసుకొస్తుంది. రాత్రంతా పట్టక ఏమవుతుంది?

ఇప్పుడు అసలు సంగతి. మన డ్రైవ్‌లు మామూలుగా ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే, ఫైళ్లు దాచే పద్ధతిలో ఉంటాయి. అందులో మాస్టర్ ఫైల్ టేబుల్ అని ఒకటి ఉంటుంది. ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డరుకూ అందులో ఒక పద్దు. సాధారణంగా పద్దుకు 1 కేబీ. పేరు, సైజు, తేదీలు, ఏ ఫోల్డరు కింద ఉందో, అన్నీ అక్కడే. షాపు అన్న డి డ్రైవ్‌లో ఆరేడు లక్షల ఫైళ్లు ఉన్నాయనుకుందాం. ఆ టేబుల్ మహా అయితే 700 ఎంబీ. 2 టీబీ మొత్తం తిరగక్కర్లేదు, ఆ 700 ఎంబీ వరసగా చదివితే చాలు. పాత హార్డ్ డిస్క్ కూడా వరసగా చదవమంటే సెకనుకు 100 ఎంబీకి అటూ ఇటూగా లాగుతుంది. దానికి చేతకానిది అక్కడో ముక్క, ఇక్కడో ముక్క చదవడం. అప్పుడే టకటకమని చప్పుడు చేస్తూ కూర్చుంటుంది.

ఎవ్రీథింగ్ చేసిన వాయిడ్‌టూల్స్ వాళ్లే లెక్క రాసి పెట్టారు. కొత్తగా వేసిన విండోస్ 10, అంటే సుమారు 1,20,000 ఫైళ్లు, ఒక సెకను. 10 లక్షల ఫైళ్లు అయితే ఒక నిమిషం. ర్యామ్ 10 లక్షలకు సుమారు 75 ఎంబీ. 8 జీబీ సిస్టమ్‌కి అదొక లెక్క కాదు.

ఆ తరవాత మళ్లీ మళ్లీ టేబుల్ చదవదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో యూఎస్‌ఎన్ జర్నల్ అని రోజువారీ చిట్టా లాంటిది ఉంటుంది. ఫైలు పుట్టినా, పేరు మారినా, పోయినా అందులో ఒక పద్దు పడుతుంది. టూల్ ఆ చిట్టా చూసి తన లిస్టు సరిచేసుకుంటుంది. అందుకే ఇప్పుడు సేవ్ చేసిన ఫైలు ఇప్పుడే కనిపిస్తుంది. చిట్టా సైజుకు హద్దు ఉంది, నిండితే పాత పద్దులు పోతాయి. టూల్‌ని చాలాకాలం ఆపేసి మళ్లీ తెరిస్తే ఒక్కోసారి మొదటి నుంచి చదివేది అందుకే.

విజ్‌ఫైల్, అల్ట్రాసెర్చ్ కూడా ఈ టేబుల్ చదివే బాపతే. వాటి మధ్య రెండు మూడు సెకన్ల తేడా కోసం కొట్టుకోవడం దండగ.

విండోస్ సొంత సెర్చ్ సంగతి వేరు. అది పేరుతో ఆగదు, ఫైలు తెరిచి లోపలి మాటలు కూడా రాసుకుంటుంది. మనం కీబోర్డు ముట్టుకుంటే కావాలనే తగ్గుతుంది, లేకపోతే మన పని ఆగిపోతుంది కదా. పైగా మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పేదేంటంటే, మామూలు మనిషి ఇండెక్స్‌లో 30,000 కన్నా తక్కువే ఉంటాయి, 4 లక్షలు దాటితే ఇబ్బంది కనబడొచ్చు, 10 లక్షలు దాని హద్దు. నువ్వు ఆరేడు లక్షలు నెత్తిన పెట్టి, పగలంతా దాని ముందే కూర్చున్నావు. దాని తప్పేం లేదన్నా.


వంశధార మాస్టారు (గుణుపురం) – మంగళవారం, ఉదయం 6:20

నాయనలారా, మీ చర్చ చదువుతుంటే మా పాత నౌపడ–గుణుపురం చిన్న రైలు గుర్తొచ్చింది. ఆ విండోస్ ఆకుపచ్చ గీత పాకే తీరు అచ్చం అదే. 2011లో పెద్ద లైను పడింది గానీ, గీతకు ఇంకా పడినట్టు లేదు.

నాదొక సందేహం. ఈ టూలు పెట్టుకుంటే నా ఫైళ్ల పేర్లన్నీ ఇంటర్నెట్‌లోకి పోతాయా? పెన్షన్ కాగితాలున్నాయి.


ఎన్‌టీఎఫ్‌ఎస్ పిచ్చోడు (బరంపురం) – మంగళవారం, ఉదయం 7:45

పోవు మాస్టారూ. లిస్టు మీ కంప్యూటర్లోనే ఒక ఫైలుగా ఉంటుంది. కాకపోతే మాస్టర్ ఫైల్ టేబుల్ చదవాలంటే అడ్మిన్ హక్కు కావాలి, మొదటిసారి అదే అడుగుతుంది. దాని సర్వీస్, అంటే వెనకాల ఎప్పుడూ నడిచే భాగం, పెట్టుకుంటే ప్రతిసారీ అడగదు. కానీ అప్పుడు ఆ కంప్యూటర్ మీద కూర్చున్న ఎవరికైనా అన్ని ఫైళ్ల పేర్లూ కనిపిస్తాయి. ఇంట్లో ఫర్వాలేదు, షాపుల్లో ఆలోచించుకోవాలి.


కార్డుల షాపు (పర్లాకిమిడి) – మంగళవారం, మధ్యాహ్నం 2:30

పిచ్చోడు గారూ, మీకు దండం. వేశాను. సి, డి రెండూ కలిపి 7,12,000 చిల్లర. ఫోన్‌లో టైమ్ చూశాను, 50 సెకన్లు కూడా పట్టలేదు. విండోస్ ఇండెక్స్‌లో డి టిక్కు తీసేశాను. ఫ్యాను చప్పుడు కూడా తగ్గింది.

కానీ ఫైలు దొరకలేదు. ఎందుకంటే నా పేర్ల తీరు చూడండి. "ఫైనల్" అని కొడితే 4,316 వచ్చాయి. "ఫైనల్ ఓకే", "ఫైనల్ లాస్ట్", "ఫైనల్ కరెక్షన్", ఒకటైతే "ఇదే ఫైనల్ నాన్న". ఇంటిపేరు పెట్టిన ఫైలు నూటికి పది కూడా లేవు. నవ్వకండి.

ఇంకొకటి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ లిస్టులో అసలు రావడం లేదు.


జయపురం స్టూడియో – మంగళవారం, మధ్యాహ్నం 2:41

"ఇదే ఫైనల్ నాన్న" 😂 నవ్వద్దంటే ఎలా అన్నా.


ఎన్‌టీఎఫ్‌ఎస్ పిచ్చోడు (బరంపురం) – మంగళవారం, సాయంత్రం 5:10

ఎక్స్‌టర్నల్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడు, ఎక్స్‌ఫ్యాట్ అని ఉంటుంది. అది ఫైళ్లు దాచే ఇంకో పద్ధతి, అందులో మాస్టర్ ఫైల్ టేబుల్ లేదు, చిట్టా లేదు. రిజిస్టరు లేని ఊరన్నమాట, ఇల్లిల్లూ తిరగాల్సిందే. ఆప్షన్స్‌లో ఫోల్డర్స్ అనే చోట ఆ డ్రైవ్‌ని చేర్చు. ఒక్కో ఫోల్డరూ తెరిచి లోపలేమున్నాయో అడుగుతూ పోతుంది, కాబట్టి టైమ్ పడుతుంది. పైగా కొత్త మార్పులు పూర్తిగా పట్టుకోవాలంటే మళ్లీ స్కాన్ చెయ్యాలి, దానికి టైమ్ పెట్టుకోవచ్చు.


గోదారి ఒడ్డు (సిరొంచ) – మంగళవారం, రాత్రి 8:25

మహారాష్ట్ర వైపు నుంచి నేనూ ఒక మాట. మా ఆఫీసులో ఫైళ్లన్నీ ఇంకో కంప్యూటర్లో షేర్ చేసి ఉంటాయి. నా సిస్టమ్‌లో ఎవ్రీథింగ్ పెట్టి ఆ షేర్ ఫోల్డర్‌ని చేరిస్తే 60 వేల ఫైళ్లకే చాలా సేపు తిప్పింది. అదీ ఇల్లిల్లూ తిరిగే పద్ధతే, నెట్‌వర్క్ కేబుల్ మీదుగా. తరవాత ఆ డిస్క్ ఉన్న కంప్యూటర్లోనే నేరుగా పెట్టాం, ఇట్టే అయింది. ఎక్కడ డిస్క్ ఉందో అక్కడే ఇండెక్స్ చేసుకోవాలి.

మాకు అసలు బాధ వేరే ఉంది. ఒకే మనిషి పేరు మీద మూడు ఫైళ్లు: ఆఫీసు కాగితం కాబట్టి దేవనాగరిలో ఒకటి, నేను తెలుగులో పెట్టినది ఒకటి, ఇంగ్లిషులో ఒకటి. ఏ టూలైనా అక్షరం చూస్తుంది గానీ మనిషిని చూడదు కదా.

తెలుగులోనే ఇంకో చిక్కు ఉంది, ఇది నాకు ఆర్నెల్లకి అర్థమైంది. "రాజ్‌కుమార్" అని ఫైలు కళ్ల ముందు కనిపిస్తోంది, వెతికితే రాదు. కొన్ని కీబోర్డులు జ తరవాత పొల్లు నిలబెట్టడానికి కంటికి కనబడని అక్షరం ఒకటి మధ్యలో పెడతాయి. నేను వెతికేటప్పుడు అది లేకుండా కొడుతున్నాను. ఇప్పుడు మొత్తం పేరు కొట్టను. "రాజ్" అని కొట్టి, ఖాళీ వదిలి, "కుమార్" అని కొడతాను. రెండు ముక్కలూ ఉంటే చాలు, మధ్యలో ఏముందో దానికి అనవసరం.


నాగావళి (రాయగడ) – మంగళవారం, రాత్రి 8:50

ఈ ఒక్క ముక్క కోసమే ఈ చర్చ చదవొచ్చు. నా "లక్ష్మణ్‌రావు" ఫైళ్లన్నీ ఇప్పుడు దొరికాయి. థాంక్సండీ.


కార్డుల షాపు (పర్లాకిమిడి) – బుధవారం, ఉదయం 11:15

ఎక్స్‌టర్నల్ చేర్చాను. 83,000 ఫైళ్లకి నాలుగు నిమిషాలు దాటింది. పక్కనే 7 లక్షలు 50 సెకన్లలో అయ్యాయి కాబట్టి తేడా కళ్లకు కట్టినట్టు తెలిసింది.

పేరుతో దొరక్కపోతే లోపల మాటలు వెతుకుదాం అనుకున్నాను. పెళ్లికొడుకు ఇంటిపేరు ఇప్పటి మామూలు తెలుగు టైపింగ్, అంటే యూనికోడ్‌లో కొట్టి ఫైలు లోపల వెతికించాను. సున్నా. ఊరి పేరు కొట్టాను. సున్నా. "శ్రీరస్తు" అని కొట్టాను, అది లేని పెళ్లి కార్డు ఉంటుందా? అదీ సున్నా! ఏంటిది?


నాగావళి (రాయగడ) – బుధవారం, మధ్యాహ్నం 12:30

ఇది నా ఏరియా. మీరు 2014లో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో "అను" అనే పాత తెలుగు ఫాంట్లతో కొట్టి ఉంటారు. అవునా? అయితే ఆ ఫైల్లో తెలుగు అనేదే లేదు. కంటికి "శ్రీరస్తు" అని కనిపించేది లోపల ఇంగ్లిషు అక్షరాలూ, కామాలూ, బ్రాకెట్లూ కలిసిన కలగూరగంప. ఫాంటు ఆ అక్షరాలకు తెలుగు బొమ్మ తొడుగుతుంది, అంతే. ఫాంటు తీసేస్తే వేషం విప్పిన భాగవతుడే. మా ఒడియా ఆకృతి ఫాంట్ల కథా ఇదే.

నేను చేసే కిటుకు: కావలసిన మాటను అదే ఫాంటులో, అదే కీబోర్డుతో కొట్టి, దాన్ని నోట్‌ప్యాడ్‌లో అంటిస్తాను. చెత్తలా కనిపిస్తుంది. ఆ చెత్తనే వెతుకుతాను. అయితే దీనికి ఇండెక్స్ టూల్ పనికిరాదు, ఎందుకో వినండి. ఇండెక్స్ చేసేటప్పుడు మాటల్ని విడగొడతారు, కామా, బ్రాకెట్ వస్తే అక్కడితో మాట అయిపోయిందనుకుంటారు. మన "శ్రీ" మధ్యలోనే బ్రాకెట్ ఉండొచ్చు! పైగా పెద్ద బడి, చిన్న బడి ఇంగ్లిషు అక్షరాల్ని ఒకటిగా చూస్తారు. ఈ ఫాంట్లలో పెద్ద అక్షరం ఒక తెలుగు గుర్తు, చిన్న అక్షరం ఇంకో గుర్తు. కాబట్టి ఏజెంట్ రాన్‌సాక్ లాంటిది తీసుకోండి. అది ముందుగా ఇండెక్స్ చెయ్యదు, అడిగినప్పుడే ఒక్కో ఫైలూ తెరిచి చూస్తుంది. పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడమని టిక్కు పెట్టండి. నేను వర్డ్ ఫైళ్ల మీద ఇలాగే లాగుతున్నాను. నెమ్మదే, కానీ దొరుకుతుంది.

ఇండెక్స్ ఎంత తొందరగా అవుతుందని అడిగారు కదా, మన పాత ఫైళ్లకు అసలు ఇండెక్స్ చెయ్యకపోవడమే తొందర!


జయపురం స్టూడియో – బుధవారం, మధ్యాహ్నం 1:05

అంత దూరం ఎందుకన్నా. పెళ్లి ఏ నెల్లోనో ఆయన్ని అడుగు. మా ఫొటోలకు పేర్లే ఉండవు, అన్నీ కెమెరా నంబర్లే. నేను తేదీతోనే బతుకుతున్నాను.

ఎవ్రీథింగ్‌లో సైజు, మార్చిన తేదీ కూడా లిస్టులోనే ఉంటాయి, అదీ క్షణంలోనే. ఎక్స్‌టెన్షన్ పీఎండీ అని పెట్టు, పాత పేజ్‌మేకర్ అయితే పీ65. దానికి తోడు మార్చిన తేదీ 2014లో కార్డు కొట్టిన నెల అని పెట్టు.

జాగ్రత్త ఒకటి. "క్రియేటెడ్" తేదీ నమ్మొద్దు. ఫైలు ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కి కాపీ చేస్తే క్రియేటెడ్ అనేది కాపీ చేసిన రోజుకు మారిపోతుంది. "మాడిఫైడ్" మాత్రం పాతదే ఉంటుంది. కొత్తవాళ్లు చూసి, పుట్టకముందే మారిందా అని బిత్తరపోతారు.


వంశధార మాస్టారు (గుణుపురం) – బుధవారం, మధ్యాహ్నం 3:15

2014లో మాఘమాసం జనవరి 31న మొదలై మార్చి 1తో అయిపోయింది. పెళ్లి మాఘంలో అయితే కార్డు పుష్యంలోనే కొట్టించి ఉంటారు. అంటే జనవరి. పంచాంగం కూడా ఒక ఇండెక్సే నాయనా.


కార్డుల షాపు (పర్లాకిమిడి) – బుధవారం, రాత్రి 10:20

దొరికింది!!

ఆయనకు ఫోన్ చేశాను. "శివరాత్రికి వారం ముందు" అన్నారు. మాస్టారి లెక్క సరిపోయింది. జనవరి 2014, పీఎండీ అని పెడితే 61 ఫైళ్లు. సైజు ప్రకారం పేర్చి ఒక్కొక్కటీ తెరిచాను. ముప్పై నాలుగోది. ఎక్స్‌టర్నల్‌లో, "పాత సీపీయూ డి" అనే ఫోల్డర్లో, "కొత్త ఫోల్డర్ 3" లోపల, "ఓకే 2" అనే పేరుతో ఉంది. ఈ పేరు చూసి నేనే గుర్తుపట్టను, సాఫ్ట్‌వేర్ ఎలా గుర్తుపడుతుంది?

తెరిస్తే పైన వినాయకుడు లేడు, ఖాళీ డబ్బా. బొమ్మ లింకు తెగిపోయింది, ఎక్కడుందో చూపించమని పేజ్‌మేకర్ అడుగుతోంది. పాత రోజుల్లో అయితే అక్కడితో ఒక పూట గోవిందా. బొమ్మ ఫైలు పేరు అందులోనే రాసి ఉంది కదా, అది ఎవ్రీథింగ్‌లో కొట్టాను, మూడో అక్షరం దగ్గరే వచ్చేసింది. డి డ్రైవ్‌లో నాలుగు కాపీలు.

పేర్లు మార్చి ప్రూఫ్ తీశాను. రేపు ఇస్తాను.


ఎన్‌టీఎఫ్‌ఎస్ పిచ్చోడు (బరంపురం) – గురువారం, ఉదయం 8:00

శుభం. రెండు పనులు చెప్పి వదిలేస్తాను.

ఒకటి, "ఆధార్" అని వెతికి చూడు. షాపు కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ నిండా జనాల ఆధార్ కాపీలు ఉంటాయి. ప్రింట్ ఇచ్చాక తీసెయ్యి. వెతకడం ఇంత సులువైందంటే నీకొక్కడికే కాదు.

రెండు, ఆ ఎక్స్‌టర్నల్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చుకో. విండోస్‌లో కన్వర్ట్ కమాండ్ ఉంది కానీ అది ఫ్యాట్, ఫ్యాట్32 లను మాత్రమే మారుస్తుంది, ఎక్స్‌ఫ్యాట్‌ని కాదు. కాబట్టి డేటా మొత్తం వేరే డిస్క్‌కి తీసి, ఫార్మాట్ చేసి, మళ్లీ పొయ్యాలి.


గోదారి ఒడ్డు (సిరొంచ) – గురువారం, ఉదయం 8:40

ఫార్మాట్ నొక్కే ముందు కాపీ అయిన ఫైళ్ల లెక్క సరిచూసుకోండి. మా దగ్గర ఒకసారి మధ్యలో కరెంటు పోయింది. కాపీ అయిపోయిందనుకున్నాం, సగమే అయింది.


కార్డుల షాపు (పర్లాకిమిడి) – గురువారం, మధ్యాహ్నం 1:50

ఆధార్ అని కొడితే 1,140 వచ్చాయి. సిగ్గుపడుతూ తీసేస్తున్నాను.

ఆయన వచ్చారు. ప్రూఫ్ చూసి, పెద్దల్లుడి పేరు తీసెయ్యకుండా వదిలేశావేంటి అని నవ్వారు. ఆహ్వానించువారు వరసలో ఉండిపోయింది. ఉండనీ, వాడూ ఇంటివాడే కదా అన్నారు. 300 కార్డులు.

ఎక్స్‌టర్నల్ కాపీ మొదలుపెట్టాను. 11 గంటలు చూపిస్తోంది. యూపీఎస్ మీద పెట్టి ఇంటికి భోజనానికి వెళ్తున్నా.